లెవెన్‌వర్త్ కేసు: కథకు మంచి మార్కులు, నేను కొన్న కాపీకి సున్నా

ముందు నేను కొన్న వస్తువు గురించి చెప్పేసి తర్వాత పుస్తకం సంగతికొస్తాను, ఎందుకంటే రెండింటికీ వేయాల్సిన మార్కులు వేరు. ఆన్‌లైన్‌లో రెండొందల చిల్లరకి దొరికిన పాత అమెరికన్ డిటెక్టివ్ నవల పేపర్‌బ్యాక్ ఇది. ఎవరు వేశారో పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, రేపు ఇదే సరుకు ఇంకో అట్టతో ఇంకో పేరుతో వస్తుంది. అట్ట మీద టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు పొగమంచులో దీపస్తంభం కింద నిలబడి ఉంటాడు. కథ జరిగేదేమో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో బాగా డబ్బున్న వాళ్ళ ఇంట్లో, మేడ మీద లైబ్రరీ గదిలో. వెనక అట్ట మీద కథాసారం అని రాసిన దాంట్లో సగం వేరే పుస్తకానిది అయ్యుండాలి, అందులో ఉన్న కౌంట్ గారు ఈ నవలలో నాకు ఎక్కడా ఎదురుపడలేదు. పేజీ మార్జిన్లు ఎంత సన్నం అంటే పుస్తకం వీపు విరిచి పట్టుకుంటే తప్ప లోపలి వైపు అక్షరాలు కనపడవు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. ఈ నవలలో హత్య జరిగిన గది, పక్కనున్న పడకగది, వసారా, తలుపులు ఎక్కడెక్కడున్నాయో చూపించే నక్షా ఉంటుంది. నా కాపీలో అది ఉండాల్సిన చోట రెండు లైన్ల ఖాళీ ఉంది, అంతే. కథ మధ్యలో చింపేసిన ఉత్తరం ముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు పరిచి చూపిస్తారు, అదీ లేదు, ఆ సగం మాటలన్నీ ఒక పేరాలో కుక్కేశారు. డిటెక్టివ్ నవల్లో నక్షా పీకేసి అమ్మడం అంటే సాంబారులో పప్పు వేయకుండా వడ్డించడమే. తిరిగి పంపుదామని చూస్తే పుస్తకాలకి రిటర్న్ లేదట, పాడైపోయి వస్తేనే మారుస్తారట. పాడైందనే కదా నేనంటున్నది! ఆర్కైవ్ సైట్‌లో పాత ముద్రణ స్కాన్ వెతికి, ఆ రెండు పేజీలు ప్రింట్ తీసి, అతికించుకుని చదివాను.

అంత కష్టపడి చదవాల్సిన పుస్తకమేనా అంటే, అవును.

అన్నా క్యాథరిన్ గ్రీన్ రాసిన ఈ నవలను 1878లో న్యూయార్క్‌లో పుట్నమ్ సంస్థ వేసింది. షెర్లాక్ హోమ్స్ పుట్టింది 1887లో, అంటే దీని తర్వాత తొమ్మిదేళ్ళకి. ఆవిడ పుట్టింది 1846 నవంబరులో, బ్రూక్లిన్‌లో. కాబట్టి ముప్పై రెండేళ్ళు నిండే ఏడాదిలో వచ్చిన మొదటి నవల ఇది. పేరు కింద 'ఒక లాయరు చెప్పిన కథ' అని ఉంటుంది. నేను కోర్టు పని చేసుకునే మనిషిని, గుంటూరులో ప్రాక్టీసు, ఆ ఉపశీర్షిక చూసే కొన్నాను, దాచడమెందుకు. లాయర్ల కథలని చెప్పి రాసే వాటిలో మాకు నవ్వొచ్చేవే ఎక్కువ. ఇందులో నవ్వలేదు, చాలాచోట్ల పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను.

కథ మొదలు చాలా సాదాగా ఉంటుంది. ఎవరెట్ రేమండ్ అనే కుర్ర లాయరు, ఫర్మ్‌లో భాగస్వామి అయి ఏడాది. పెద్దవాళ్ళిద్దరూ ఆఫీసులో లేని రోజు పొద్దున ఒకతను పరిగెత్తుకొస్తాడు. హొరేషియో లెవెన్‌వర్త్ అనే పెద్ద ఆస్తిపరుడి సెక్రటరీ అతను, పేరు హార్వెల్. రాత్రి లైబ్రరీ బల్ల ముందు కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎవరో వెనక నుంచి తలలోకి కాల్చి చంపేశారు. సీనియర్ లేడు కాబట్టి ఆ ఇంటి ఆడపిల్లల తరఫున జూనియర్ వెళ్ళాలి. ఇంట్లో పెద్దాయన పెంచిన ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు, మేరీ, ఎలినోర్. ఇద్దరూ అనాథలే, ఇద్దరూ అందగత్తెలే, కానీ ఆస్తి మొత్తం మేరీకి, రెండో అమ్మాయికి ఏమీ లేదు. ఎందుకలా అని పుస్తకం అంతా మనల్ని తొలుస్తూనే ఉంటుంది. పొద్దున లేచేసరికి ఇంటి తలుపులన్నీ లోపల గడియ వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఏదీ పోలేదు, హన్నా అనే పనిమనిషి మాత్రం కనపడదు. బయటివాడు రాలేదంటే చేసింది ఇంట్లో మనిషే.

ఇంక నాకు బాగా నచ్చిన భాగం. అదే రోజు, అదే ఇంట్లో, కింది హాల్లో కరోనర్, అంటే అనుమానాస్పద మరణాలు విచారించే అధికారి, వచ్చి జ్యూరీని కూర్చోబెట్టుకుని ఇన్‌క్వెస్ట్ నడుపుతాడు. మన దగ్గర ఇన్‌క్వెస్ట్ అంటే పోలీసులు పెద్దమనుషుల్ని పిలిచి శవం దగ్గర పంచనామా రాయించి సంతకాలు తీసుకోవడం, సగం సార్లు ఆ సంతకం పెట్టినాయనకి తను ఏం చూశాడో కోర్టులో గుర్తుండదు. అక్కడ అలా కాదు, బట్లర్, వంటమనిషి, సెక్రటరీ, డాక్టరు, ఒక్కొక్కరినీ పిలిచి అందరి ముందూ ప్రశ్నలు వేస్తారు, వీధిలో వాళ్ళు కూడా లోపలికి వచ్చి చూస్తుంటారు. ఎన్నో పేజీలు ఇదే. అయినా ఎక్కడా బోర్ లేదు, ప్రతి సాక్షీ తన వంతుకి ఒక చిన్న మేకు కొట్టి పోతాడు.

డాక్టరు చెప్పింది చూడండి. తూటా తల వెనక నుంచి దూరింది. మనిషి కుర్చీలో అలాగే ఉన్నాడు, పెనుగులాట లేదు, వెనక్కి తిరిగి చూసిన జాడ కూడా లేదు. అంటే వెనక అడుగుల చప్పుడు వినపడినా తలెత్తి చూడాల్సిన అవసరం లేనంత తెలిసిన మనిషి అయ్యుండాలి. ఇది కథలో డిటెక్టివ్ గొప్పగా విప్పి చెప్పే రహస్యం కాదు, మొదట్లోనే సాక్ష్యంలో వస్తుంది. తర్వాత పిస్తోలు. అది బయటిది కాదు, చనిపోయినాయనదే, పడకగదిలో ఆయన మంచం పక్కన ఉండేదే. కాల్చాక గొట్టం శుభ్రంగా తుడిచి మళ్ళీ దాని చోట పెట్టేశారు. కానీ తూటాలు పెట్టే చక్రంలో ఒక అర అంచున సన్నటి మసి గీత ఉండిపోయింది. గొట్టం తుడవాలని గుర్తుంది, చక్రం మర్చిపోయారు. హడావిడిగా అంట్లు తోమినవాళ్ళు గిన్నె లోపల మెరిపించి అడుగు వదిలేస్తారే, అచ్చం అలా. ఆ మసి గీత దగ్గర నేను పుస్తకం మూసి ఒక నిమిషం అలా కూర్చున్నాను. 1878లో, కోర్టు గుమ్మం ఎక్కే వృత్తి ఆడవాళ్ళకి దాదాపుగా అందని రోజుల్లో, ఒకామె ఇంట్లో కూర్చుని ఇంత నిక్కచ్చిగా రాసింది.

ఎలా తెలుసు ఆవిడకి? వాళ్ళ నాన్న జేమ్స్ విల్సన్ గ్రీన్ లాయరు. ఇంట్లో కేసుల మాటలు వింటూ పెరిగిన పిల్ల. మూడేళ్ళప్పుడే తల్లి పోయింది. వర్మాంట్‌లో ఆడపిల్లల కాలేజీలో చదివి 1866లో పట్టా తీసుకుంది. అసలు ఆవిడ కావాలనుకున్నది కవయిత్రి. ఆనాటి పెద్ద అమెరికన్ రచయిత ఎమర్సన్‌కి తన కవితలు పంపింది, ఆయనా జవాబు రాశాడు. కవిత్వం పక్కన పెట్టి హత్య కథ మొదలుపెట్టిన సంగతి మాత్రం నాన్నకి చెప్పలేదు, సవతి తల్లికి తెలుసు. లాయరు ఇంట్లో, లాయరుకి తెలియకుండా, లాయరు కథ! సవతి తల్లి అంటే మన కథల్లో ఎప్పుడూ విలనే, ఇక్కడ ఆవిడ లేకపోతే ఈ పుస్తకం ఏమయ్యేదో.

సరే, మళ్ళీ కేసులోకి. ఇన్‌క్వెస్ట్ ముగిసేసరికి వేళ్ళన్నీ ఎలినోర్ వైపు తిరుగుతాయి. శవం దగ్గరికి వచ్చినప్పుడు బల్ల మీద నుంచి ఒక కాగితం తీసి దాచింది, చూసినవాళ్ళున్నారు. పిస్తోలు మసి అంటిన రుమాలు దొరికితే అది ఆమెదే. పోయిన లైబ్రరీ తాళంచెవి తిరిగి తిరిగి ఆమె దగ్గరే తేలుతుంది. అడిగితే అబద్ధం చెప్పదు, నిజమూ చెప్పదు, నోరు మూసుకుంటుంది. కళ్ళారా చూసినవాళ్ళు లేనప్పుడు పరిస్థితులు చెప్పే సాక్ష్యాన్ని మేము సర్‌కమ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్ అంటాం కదా, గొలుసులో ఒక్క లింకు కూడా తెగకూడదు అని జడ్జిమెంట్లలో రాస్తారు కదా, ఇక్కడ ఒక్క లింకూ తెగినట్టు కనపడదు. నాకు తట్టిందేమిటంటే ఈ పుస్తకంలో అబద్ధం చెప్పే సాక్షుల కంటే నిజం చెప్పి దారి తప్పించే సాక్షులే ఎక్కువ. చూసినవాడు సరిగ్గానే చూశాడు, విన్నవాడు సరిగ్గానే విన్నాడు, అర్థం చేసుకోవడంలో బోల్తా పడ్డాడు. మన రేమండ్ బాబు ఒక మూసిన తలుపు బయట నిలబడి లోపలి మాటలు వింటాడు, మొదట్లోనే. ఆ చోట ఒక చీటీ పెట్టుకోండి, పుస్తకం అయిపోయాక వెనక్కి వచ్చి మళ్ళీ చదవాలి. ఇంతకంటే చెప్తే నన్ను తిడతారు.

ఆ ఉత్తరం ముక్కల సంగతి కూడా చెప్పాలి. చింపిన ఉత్తరం పూర్తిగా దొరకదు, కొన్ని ముక్కలే దొరుకుతాయి. పైన తేదీ ఉంటుంది, 1876 మార్చి 1, ఎవరికి రాశారో ఉంటుంది, తర్వాత మీకు అన్నదమ్ముల బిడ్డ ఒకమ్మాయి ఉంది అని మొదలై మాటలు సగం సగం తెగిపోతాయి. రేమండ్, డిటెక్టివ్ కూర్చుని ఖాళీలు పూరిస్తారు, ఆదివారం పేపర్లో పదవినోదం చేసినట్టు. ఇక్కడ ఈ అక్షరాల తర్వాత ఏ మాట పడుతుంది, ఈ ఖాళీలో ఎన్ని అక్షరాలు పడతాయి, ఇలా. నేను అతికించుకున్న ప్రింటు మీద పెన్సిల్‌తో నేనూ పూరించాను, మూడు చోట్ల వాళ్ళ కంటే ముందే పట్టుకున్నాను, రెండు చోట్ల ఘోరంగా తప్పాను. పాఠకుడి చేతికి సాక్ష్యం ఇచ్చి నువ్వు కూడా ప్రయత్నించు అనడం ఇప్పుడు ఈ కథల్లో మామూలే, అప్పుడది చాలా కొత్త.

డిటెక్టివ్ పేరు ఎబెనెజర్ గ్రైస్, న్యూయార్క్ పోలీసు మనిషి. బక్కపల్చగా, గద్ద ముక్కుతో, చూపుతోనే మనిషిని చీల్చేసే రకం కాదు. లావాటి, నింపాదైన పెద్దమనిషి. ఎవరి మొహంలోకీ చూడడు. మాట్లాడుతున్నప్పుడు పక్కనున్న పూలకుండీనో, సిరాబుడ్డినో, ఎవరి కోటు గుండీనో చూస్తుంటాడు. అనుమానం అంతా ఆ గుండీ మీదే ఉన్నట్టు ఉంటుంది వ్యవహారం. పైగా కీళ్ళవాతం. కథ జోరందుకునే టైముకి కాలు నొప్పితో కుర్చీలో కూలబడతాడు, తిరిగే పని అంతా రేమండ్‌తోటీ, క్యూ అనే ఒక వేషాల కుర్రాడితోటీ చేయిస్తాడు. గ్రైస్ ఒకచోట రేమండ్‌తో చెప్పుకునే బాధ నాకు బాగా పట్టింది. ఏ వేషమైనా వేయగలడట, పెద్దింటి మనిషి వేషం మాత్రం వేయలేడట, ఎంత మంచి బట్టలు కట్టినా పట్టేస్తారట. అందుకే ఆ ఇళ్ళ డ్రాయింగ్ రూముల్లోకి వెళ్ళడానికి ఈ లాయరు కుర్రాడు కావాలి. బుర్ర అతనిది, ప్రవేశం ఇతనిది. ఆ ఒక్క పేజీలో ఆనాటి న్యూయార్క్ మొత్తం కనపడింది.

ఇప్పుడు ఏడుపులు. సంభాషణలు, అబ్బా, కొన్నిచోట్ల భరించలేం. పద్యనాటకంలో కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు రాగాలు తీసినట్టు అక్కాచెల్లెళ్ళిద్దరూ గుండెల మీద చేతులు వేసుకుని మాట్లాడతారు. ఒక గదిలోకి అమ్మాయి వచ్చిందంటే ముందు ఆమె నిలబడ్డ తీరు, తర్వాత జుట్టు, తర్వాత కళ్ళల్లో బాధ, ఇవన్నీ అయ్యాకే నోరు తెరుస్తుంది. రేమండ్ చూసీ చూడగానే ఒకమ్మాయి మీద మనసు పారేసుకుంటాడు, లాయరుగా ఆ క్షణమే అతను పనికిరాకుండా పోయాడు. మన దగ్గర సీనియర్ అయితే వెంటనే ఫైలు లాక్కునేవాడు. రెండో భాగంలో ఒక ఇంగ్లీషు దొర గారి చుట్టూ కథ తిరుగుతుంది, అక్కడ ఓ యాభై పేజీలు లాగింది. ఐరిష్ పనివాళ్ళని రాసిన తీరు కూడా నాకు నచ్చలేదు. వాళ్ళ యాసని అక్షరం అక్షరం వంకర తిప్పి రాసింది, చదవడానికి కష్టం, పైగా పెద్దింటి వాళ్ళ బాధేమో బాధ, పనిమనిషి మాటలేమో నవ్వు అన్నట్టుంటుంది. మొత్తం 39 అధ్యాయాలు, నాలుగు భాగాలు. నా సలహా ఏమిటంటే అమ్మాయిల అందాల వర్ణన మొదలవగానే ఒక పేరా దూకేయండి, సాక్ష్యం వచ్చిన చోట మాత్రం ఒక్క మాట కూడా వదలొద్దు.

ఇంకో ఇబ్బంది ఆవిడ తప్పు కాదు. ఇప్పుడు చదివితే చాలా విషయాలు ఎక్కడో చూసినట్టే అనిపిస్తాయి. లైబ్రరీలో శవం, డబ్బున్న పెద్దాయన, వీలునామా గొడవ, పారిపోయిన పనిమనిషి, అందరినీ గుప్పిట్లో పెట్టి చివర్లో వల వేసే డిటెక్టివ్. చిన్నప్పుడు అద్దె లైబ్రరీలో రోజుకి రెండు చొప్పున డిటెక్టివ్ పుస్తకాలు నమిలినవాళ్ళకి ఇవన్నీ పాతచింతకాయ పచ్చడే. కానీ ఆ పచ్చడి మొదట జాడీకెత్తినవాళ్ళలో ఈవిడ ఒకరు. అమెరికాలో డిటెక్టివ్ నవల రాసిన మొట్టమొదటి స్త్రీ ఈవిడే అని కొందరు రాస్తారు, అది సరికాదు. మెట్టా విక్టర్ అనే ఆవిడ మగపేరుతో పదేళ్ళ ముందే ఒక డిటెక్టివ్ నవల వేసింది. గ్రీన్ సొంత పేరుతో వేసింది, ఆ పేరు మీదే దాదాపు నలభై అయిదేళ్ళు రాసింది, చివరి నవల 1923లో వచ్చింది. అగాథా క్రిస్టీకి ఎనిమిదేళ్ళప్పుడు అక్క మ్యాడ్జ్ ఈ కథే వినిపించిందట, ఆత్మకథలో రాసుకుంది. తర్వాత 1963లో వచ్చిన నవలలో తన డిటెక్టివ్ పాయిరో చేత ఈ పుస్తకాన్ని మెప్పించింది కూడా. క్రిస్టీ రాసిన మిస్ మార్పుల్ లాంటి పక్కింటి పెద్దమ్మ డిటెక్టివ్ కూడా గ్రీన్ దగ్గర ముందే ఉంది. ఎమీలియా బటర్‌వర్త్ అని, పెళ్ళి కాని, అందరి విషయాలూ కావాల్సిన పెద్దావిడ, 1897లోనే కిటికీ పరదా పక్కకి తీసి వీధిలోకి చూసింది. అవి నేనింకా చదవలేదు, లిస్టులో ఉన్నాయి.

ఆవిడ జీవితం మీద ఎవరైనా సినిమా తీస్తే బాగుండు. 1884లో ఛార్లెస్ రోల్ఫ్స్ అనే నటుణ్ణి చేసుకుంది, తనకంటే ఏడేళ్ళు చిన్నవాడు. అతను తర్వాత నటన వదిలి చెక్క కుర్చీలు, బల్లలు చెక్కే పనిలో పడి ఎంత పేరు తెచ్చుకున్నాడంటే అవి ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ నవలని 1891లో నాటకంగా వేసినప్పుడు మళ్ళీ స్టేజీ ఎక్కాడు కూడా. ఇద్దరూ బఫెలోలో స్థిరపడ్డారు, ముగ్గురు పిల్లలు, ఆవిడ 1935లో అక్కడే పోయింది. ఇంత చేసినావిడ ఆడవాళ్ళకి ఓటు హక్కు మాత్రం వద్దంది. నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడలేదు. తన సంతకంతో అంత సంపాదించినామె, ఓటు చీటీ దగ్గర ఎందుకు ఆగిపోయిందో!

కొనాలనుకునేవాళ్ళకి. పుస్తకానికి కాపీరైటు ఎప్పుడో అయిపోయింది, గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, స్వచ్ఛందంగా చదివి పెట్టిన ఆడియో కూడా ఉంది. కాగితం మీదే కావాలంటే పెంగ్విన్ క్లాసిక్స్ వాళ్ళది ఉంది, 2010లో వచ్చింది, మైకేల్ సిమ్స్ ముందుమాట. ముందుమాట మాత్రం చివర్లో చదవండి, ఏ పుస్తకానికైనా ఇది నా నియమం. పేరూ ఊరూ లేని చౌక ముద్రణలు కొనే ముందు లోపలి పేజీల ఫొటోలు పెట్టారో లేదో చూసుకోండి, గదుల నక్షా కనపడకపోతే ముట్టుకోవద్దు. ఇంగ్లీషు పాతది కాబట్టి మొదటి రెండు అధ్యాయాలు నెమ్మదిగా సాగుతాయి, ఇన్‌క్వెస్ట్ మొదలయ్యాక అదే లాక్కుపోతుంది. నాకు వాయిదాల మధ్య ఖాళీల్లో, కోర్టు వరండాలో, తొమ్మిది రోజులు పట్టింది. మార్కులంటే, ఇన్‌క్వెస్ట్‌కి అయిదుకి అయిదు, దొర గారి భాగానికి రెండు, మొత్తం మీద నాలుగు. కాపీకి సున్నా, అతికించుకున్న జిగురు ఖర్చు అదనం.

ఆ అతుకుల కాపీ ఇప్పుడు మా జూనియర్ దగ్గరుంది. మూడో భాగంలో ఉన్నాడట. నిన్న ఫైలు ఇవ్వడానికి వచ్చి, "మేడం, సెక్రటరీనా? పోనీ ఆ ఇంగ్లీషాయనా? ఒక్కటి చెప్పండి, మీ మొహం చూస్తే తెలిసిపోతుంది," అన్నాడు. నేను బల్ల మీదున్న స్టేప్లర్ వైపు చూస్తూ, ఆ ఇంజంక్షన్ పిటిషన్ టైప్ అయిందా అని అడిగాను.